హిరో గ్రామ రక్షకుడు హమగుచి గోర్యో

జపాను దేశంలోని నేటి వకయామా ప్రాంతంలో, సముద్రతీరాన, హిరో అనే చిన్న గ్రామం ఉండేది. హమగుచి గోర్యో 1820లో అక్కడ జన్మించాడు. తరతరాలుగా సోయా సాస్ తయారుచేసే వర్తక కుటుంబం వారిది. వ్యాపారం దూరాన తూర్పు తీరంలోని చోషి పట్టణంలో సాగినా, అతని మనస్సు స్వగ్రామాన్ని విడువలేదు.

1854 డిసెంబరు 23న భూమి కంపించింది. గ్రామస్థులు ఎత్తైన చోటనున్న హచిమాన్ ఆలయానికి చేరి రాత్రి గడిపారు. పెద్ద ఉపద్రవమేదీ లేకపోవడంతో మరునాడు ఇళ్లకు మరలారు. ఆ సాయంకాలమే అంతకంటె తీవ్రమైన కంపం, దానివెంట సునామీ వచ్చాయి. (2004 డిసెంబరు 26 తరువాత మనకు సుపరిచితమైన ఈ మాట జపాను భాషదే.) గోర్యో సైతం ఆ ప్రవాహంలో చిక్కి అతికష్టం మీద బయటపడ్డాడు. చీకటి పడింది. దారి కానరాక ఎందరో వెనుకబడిపోయారు. అప్పుడతడు పొలాలలోని గడ్డివాములకు నిప్పంటింపజేశాడు. ఆ వెలుగును పట్టుకొని పలువురు ఆలయం చేరుకున్నారు. తరువాత వచ్చిన మహాతరంగం ఆ వాములనే తుడిచిపెట్టింది.

1897లో లఫ్కాడియో హెర్న్ అనే రచయిత ఈ ఉదంతాన్ని ఆంగ్లంలో కథగా మలిచాడు. అందులో గోర్యో కొండమీది వృద్ధుడు. కెరటం రాకను ముందే పసిగట్టి, కోతకోసిన తన వరికుప్పలను తగులబెట్టి జనాన్ని కొండపైకి రప్పిస్తాడు. ఆ కథ ఆధారంగా రాసిన పాఠాన్ని 1937 నుండి పదేళ్లపాటు జపాను బాలలు చదివారు. వాస్తవానికి గోర్యోకు అప్పుడు ముప్పై నాలుగేళ్లే. కాలినవి ధాన్యపు కుప్పలు కావు, గడ్డివాములు. కథ మనోహరమే గాని, అతని అసలు ఘనకార్యం ఆ మరునాటి నుండి మొదలైంది.

గోర్యో మొదట బియ్యం అప్పు తెచ్చి ఊరివారి ఆకలి తీర్చాడు. నిరాశ్రయులకు ఇళ్లు, జాలరులకు పడవలు, వలలు, రైతులకు పనిముట్లు సమకూర్చాడు. అయినా జనం ఊరు విడిచి వలసపోజూచారు. 1707లోనూ ఆ తీరాన్ని సునామీ ముంచెత్తింది. మళ్లీ రాదన్న భరోసా ఎక్కడిది? దానం ఒక్కటే వారిని నిలుపలేదని గోర్యో గ్రహించాడు. 1855లో సొంత ధనంతో కరకట్ట నిర్మాణం ప్రారంభించి, ఆ పనిని గ్రామస్థులకే అప్పగించి కూలి చెల్లించాడు. చేతికి పని దొరికింది, ఊరు నిలిచింది. దాదాపు నాలుగేళ్లకు 5 మీటర్ల ఎత్తు, 600 మీటర్ల పొడవుగల కట్ట లేచింది. సముద్రం వైపున పైన్ చెట్లు నాటించాడు. కృతజ్ఞతతో గ్రామస్థులు తనకు గుడి కట్టబోతే అంగీకరించలేదు.

అనంతరం జాతీయ తపాలా శాఖకు అధిపతిగా, వకయామా ప్రాంతీయ సభకు తొలి అధ్యక్షుడుగా పనిచేసి, విదేశయాత్రలో ఉండగా 1885లో న్యూయార్కులో మరణించాడు.

1946 డిసెంబరు 21న ఆ తీరాన్ని మరొక సునామీ తాకింది. కట్ట వెనుకనున్న ఇళ్లు చాలావరకు సురక్షితంగా నిలిచాయి. కట్ట రక్షణ లేని చోట వెలసిన కొత్త నివాసాలలో మాత్రం ప్రాణనష్టం జరిగింది. 1903లో ఆరంభమైన ఉత్సవ సంప్రదాయాన్ని అనుసరించి, నవంబరులో ఊరి పిల్లలు మట్టి మోసుకువచ్చి ఆ కట్టమీద పోస్తారు.