పురుషోత్తమ చౌదరిగారి జీవితము

బిస్సమ్ కటక్‌లోను రాయగడలోను మనము తెలుగులో ఆరాధనకు కూడినప్పుడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచుచున్నాము. అందులోని ఎన్నో కీర్తనల క్రింద పురుషోత్తమ చౌదరిగారి పేరున్నది. ఆయన ఎక్కడివారో కాదు, మన పొరుగువారే. గుణుపురము నుండి నౌపడా పోవు రైలు పర్లాకిమిడి మీదుగానే పోవును. ఆయన 1803లో ఆ పర్లాకిమిడి ప్రాంతమున పుట్టిరి.

పూర్వికులు వంగదేశపు బ్రాహ్మణులు. ఆయన పెరిగినది తెలుగు, ఒడియా రెండును వినబడు సీమలో. మన పిల్లల సంగతియు నేడు అంతే గదా! చిన్ననాటి నుండి పూజలలోను శాస్త్రములలోను నిష్ఠగలవారైనను, పాపము పోవు మార్గమేది అను ప్రశ్న ఆయనను విడువలేదు. శ్రీకాకుళములో నాట్ దొరసానిగారి ద్వారా క్రీస్తును గూర్చి తెలిసికొనిరి. విన్నవెంటనే సమస్తము తేటపడలేదు. తాను నమ్మినదానిని, క్రొత్తగా విన్నదానిని పక్కపక్కన పెట్టి తూచి చూచుకొనవలసి వచ్చెను. ఆ కాలమున బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుట యనగా కులమును, ఇంటిని, బంధువులను ఒక్కసారే పోగొట్టుకొనుట. అట్టి మనిషి సందేహించుట వింత కాదు. తుదకు 1833లో కటక్ పట్టణమున ఆయన బాప్తిస్మము పొందిరి. అది ఇంగ్లాండు నుండి వచ్చిన జనరల్ బాప్టిస్టు మిషనెరీలు పనిచేయుచున్న స్థలము.

ఇక్కడ బాప్టిస్టులమైన మనము గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటున్నది. ఆ ఒరిస్సా మిషనులోని ఆమోస్ సట్టన్ దొరగారే అమెరికా వెళ్లి, తెలుగువారి కొరకు అక్కడి బాప్టిస్టులను వేడుకొనిరి. 1836లో శామ్యూల్ డే దొరగారు వచ్చి, మొదట విశాఖపట్నము, శ్రీకాకుళములలో నుండి, 1840లో నెల్లూరు చేరిరి. అనగా మన నెల్లూరు, ఒంగోలు సంఘముల వేరు ఒకటి ఈ ఒడియా నేలలోనే యున్నది.

చౌదరిగారు తరువాత లండన్ మిషనువారితో కలిసి సువార్త ప్రకటించిరి. నిస్తార రత్నాకరము, కులాచార పరీక్ష మొదలగు గ్రంథములు వ్రాసిరి. అయితే ఆయన హృదయము తెలియవలెనంటే కీర్తనలే చూడవలెను. పలుచోట్ల ఆయన ఇతరులకు బోధించుట లేదు. తన మనస్సునే పిలిచి, క్రీస్తును భజింపుమని బ్రతిమాలుచున్నారు. స్థిరపడిన మనస్సునకు అంత బ్రతిమాలుట ఎందుకు? కొన్నింటిలో తన అపరాధములు ఒప్పుకొని, కటాక్షించుమని మొరపెట్టుచున్నారు. బాప్తిస్మముతో పోరాటము ముగిసినదని ఆయన తలంచినట్లు మాకు తోచదు. కలత కలిగినప్పుడెల్ల మరల క్రీస్తు పాదముల యొద్దకే వచ్చిరి. దేశీయ రాగములలో, భక్తుడు దేవునితో చనువుగా మాటలాడు రీతిలో పాడిరి.

కీర్తన పైన రాగము, తాళము అచ్చువేసియున్నను, మనలో అనేకులము వాటిని చూడకయే వేగముగా పాడివేయుచున్నాము. నెమ్మదిగా పాడినయెడల ఆ మొర వినబడును.

చౌదరిగారు 1890లో ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి బాప్తిస్మము పొంది దాదాపు 57 సంవత్సరములు.