ఎడారికి వైద్యుని రప్పించిన జాన్ ఫ్లిన్

రోగిని విమానములో ఆసుపత్రికి చేర్చుట నేడు మనకు వింత గాదు. అయితే ఈ సేవను మారుమూల గృహస్థుని గుమ్మము వరకు తెచ్చిన మహనీయుడు వైద్యుడు కాదు, విమాన చోదకుడు కాదు. ఒక క్రైస్తవ మతబోధకుడు. ఆయనే ఆస్ట్రేలియా దేశీయుడైన జాన్ ఫ్లిన్.

ఫ్లిన్ 1880 నవంబరు 25న విక్టోరియా రాష్ట్రములోని మోలియాగుల్ అను పల్లెలో జన్మించారు. తండ్రి బడిపంతులు. 1912లో ఫ్లిన్ సమర్పించిన నివేదికను చూచి ప్రెస్బిటీరియన్ చర్చి ఆస్ట్రేలియన్ ఇన్‌లాండ్ మిషన్‌ను స్థాపించి, ఆయననే దానికి అధిపతిని చేసింది.

ఆ లోనాటి సీమ ఎట్టిదో మనము ఊహించుకొనవలెను. ఇంచుమించు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు, అనగా మన దేశములో సగమునకు మించిన నేలకు, ఇద్దరే వైద్యులు! సరకులు ఒంటెల మీద సాగేవి. ఆ ఒంటెలను తోలినవారిలో పెషావరు, బెలూచిస్తాను ప్రాంతముల నుండి పోయిన ముస్లిములు అనేకులు. అక్కడివారు వారందరిని ఆఫ్ఘనులనియే పిలిచేవారు.

1917లో హాల్స్ క్రీక్ వద్ద జిమ్మీ డార్సీ అను పశువుల కాపరి గుఱ్ఱము మీదనుండి పడి తీవ్రముగా గాయపడినాడు. ఆ ఊరిలో వైద్యుడు లేడు; ఉన్నది పోస్టుమాస్టరు టకెట్ ఒక్కడే. పెర్త్ నగరములోని డాక్టర్ హాలండ్ టెలిగ్రాఫు ద్వారా ఒక్కొక్క మాటే చెప్పగా, టకెట్ చేతనున్న చాకుతో శస్త్రచికిత్స చేసినాడు. తదుపరి హాలండ్ స్వయముగా ఓడలోను, మోటారులోను పది దినములకు మించి ప్రయాణించి చేరుకొనునప్పటికి డార్సీ మరణించి ఒక దినము గడిచింది. ఈ వార్త దేశమంతటను కదిలించింది. తీగ మీద మాట క్షణములో చేరింది, మనిషి మాత్రము చేరలేదు. ఫ్లిన్ జీవితకార్యమంతయు ఈ అంతరమును పూడ్చుటయే అని మన అభిప్రాయము.

ఆ సంవత్సరమే క్లిఫర్డ్ పీల్ అను యువ సైనికుడు, వైద్య విద్యార్థి, విమానములతో వైద్యమును అందించు పథకమును ఫ్లిన్‌కు వ్రాసి పంపినాడు. 1918లో పీల్ ఫ్రాన్సు యుద్ధరంగములో నేలకొరిగినాడు. తన లేఖ ఫలించిన సంగతి అతడెరుగడు. ధనము సమకూరుటకు పదేండ్లు పట్టింది. వ్యవసాయ యంత్రముల తయారీదారుడు మెకే తన వీలునామాలో వ్రాసిన 2,000 పౌండ్లు అందుకు ఊతమైనవి.

1928 మే 17న క్వాంటస్ సంస్థ వారి అద్దె విమానము, డాక్టర్ వెల్చ్‌ను ఎక్కించుకొని, ఆర్థర్ ఆఫ్లెక్ నడుపగా క్లాంకరీ నుండి జూలియా క్రీక్‌కు ఎగిరింది. మొదటి ఏడాదిలో 50 ప్రయాణములు జరిగి, 225 మంది రోగులకు చికిత్స అందింది.

అయినను, పిలుపు అందనిదే విమానమెందుకు? ఇది ఫ్లిన్ మొదటినుండియు గుర్తించిన విషయము. ఆ ఇండ్లకు విద్యుత్తు లేదు. అడిలైడ్ వాసి ఆల్ఫ్రెడ్ ట్రేగర్ చేత ఆయన కాలితో తొక్కు రేడియోను చేయించారు. సైకిలు త్రొక్కినట్లు త్రొక్కినచో కరెంటు పుట్టును. 1929 నుండి అవి ఒక్కొక్క ఇంటికి చేరగా, రైతు ఇల్లాలు మోర్స్ సంకేతములు నేర్చి వైద్యుని పిలువగలిగింది. విమానము కన్న ఈ పెడలు యంత్రమే గొప్పదని మనకు తోచును.

ఆయన కృషిలో లోపము లేకపోలేదు. ఆదివాసులను ఫ్లిన్ తగినంతగా పట్టించుకొనలేదని ఆయన కాలములోనే విమర్శ వచ్చింది. అది నిరాధారము కాదు.

1951 మే 5న ఆయన సిడ్నీలో కన్నుమూశారు. ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గరి సమాధిపై ఒక పెద్ద గుండ్రని బండ నిలిపినారు. అది ఆదివాసుల పవిత్రస్థలమైన కార్లు కార్లు నుండి వారి సమ్మతి లేకయే తెచ్చినది. ఎన్నో ఏండ్లు వారు అడుగగా, 1999లో దానిని స్వస్థలమునకు చేర్చినారు. ఇప్పుడు సమాధిపై ఉన్నది అరెర్న్టె ఆదివాసులు తమంత తాము ఇచ్చిన వేరొక బండ.