పదిమందితో మొదలైన హాస్టల్

కాలేజీలో చేరాలంటే మార్కులు ఉండాలి, ఫీజు ఉండాలి. ఆడపిల్లకైతే ఇంకొకటి కూడా కావాలి, ఉండడానికి ఒక చోటు. ఆ చోటు లేదనే దుర్గాబాయి గారికి ఒకప్పుడు యూనివర్సిటీలో సీటు ఇవ్వనన్నారు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి వద్దనుకుని విడిపోయారు. చిన్న వయసులోనే కాకినాడలో ఆడవాళ్ళకి హిందీ నేర్పే బడి పెట్టారు. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకి వెళ్ళారు. మనకి దగ్గరే ఉన్న వేలూరు జైల్లో కూడా ఉన్నారు. చదువు రాక, చెయ్యని నేరాన్ని ఒప్పుకుని శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్ళని జైల్లో చూశాకే లా చదవాలని గట్టిగా అనుకున్నారు.

అప్పటికి ఆమెకి మెట్రిక్ కూడా లేదు. బయటికొచ్చాక బెనారస్ మెట్రిక్ రాసి పాసయ్యారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వెళ్ళి బి.ఏ. ఆనర్స్‌లో సీటు అడిగారు. అప్పటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆడపిల్లలకి హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమని చెప్పేశారు.

ఇంకొకరైతే ఇంటికి తిరిగొచ్చేసేవాళ్ళే. ఈమె పేపర్లో ప్రకటన ఇచ్చారు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనని కలవమన్నారు. పదిమంది దాకా ముందుకొచ్చారు. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని, వాళ్ళే హాస్టల్ పెట్టుకున్నారు. ఇక సీటు కాదనడానికి కారణమే లేకుండా పోయింది. తన ఒక్కదాని కోసం బతిమాలుకుని ఉంటే ఆమెకి సీటు దొరికేదేమో, మిగతావాళ్ళ చదువు మాత్రం అక్కడే ఆగిపోయేది.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడూ పద్ధతి ఇదే. బడి మానేసిన ఆడవాళ్ళని పోగుచేసి, తాను పాసైన ఆ బెనారస్ మెట్రిక్‌కే వాళ్ళని తయారుచేశారు. 1942లో తాను లా పూర్తి చేసి, మద్రాసులో లాయరయ్యారు. రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది మహిళల్లో ఆమె ఒకరు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. అదే సంవత్సరం సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు.

ఇప్పుడు మనకి హాస్టళ్ళు ఉన్నాయి, బస్సులూ ఉన్నాయి. అయినా రూము దొరకలేదనో, సాయంత్రం బస్సు దిగి ఊళ్ళోకి ఒంటరిగా నడవాలనో చదువు మానేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. మన క్లాసులో ఎవరైనా వారం రోజులు కనబడకపోతే అటెండెన్స్‌లో గీత పడుతుంది, అంతే. ఈసారి మనలో ఒకరు ఫోన్ చేసి ఎందుకు రావట్లేదో అడుగుదాం. ఇద్దరు ముగ్గురిది ఒకే ఇబ్బంది అయితే, అందరం కలిసే ఆఫీసుకి వెళ్దాం.