రూబికాను దాటిన సీజరు

ఇంగ్లీషు గ్రంథములను చదువు మన విద్యార్థులకు రూబికానును దాటుట యను పలుకుబడి అప్పుడప్పుడు కానవచ్చును. వెనుకకు మరలుటకు వీలులేని నిశ్చయమును చేయుట యని దాని భావము. అది యొక మహాపురుషుని జీవితమునుండి పుట్టినది గావున, ఆ చరిత్రమును సంగ్రహముగా నిచట దెలుపుచున్నాము.

జూలియసు సీజరు క్రీ. పూ. 100వ సంవత్సరమున రోము నగరమునందు ప్రాచీనమగు వంశమున జన్మించెను. వాక్చాతుర్యముచేతను ఔదార్యముచేతను ప్రజల యనురాగమును చూఱగొని, క్రీ. పూ. 59లో కాన్సలు పదవి నందెను. మఱుసటి యేటినుండి గాలుదేశమున యుద్ధము లొనర్చి, నేటి ఫ్రాన్సు దేశమును రోమునకు లోబఱచెను. కీర్తితోపాటు శత్రువులును పెరిగిరి. ఆతని కుమార్తెను పెండ్లాడిన పాంపే సైతము, ఆమె మరణించిన పిమ్మట క్రమముగా విరోధి యయ్యెను.

క్రీ. పూ. 49 జనవరిలో సైన్యమును విడువవలసినదని సెనేటు సభ సీజరున కాజ్ఞాపించెను. విడిచివచ్చినచో శత్రువుల చేత జిక్కును. విడువక వచ్చినచో రాజద్రోహి యగును. ఆతడు పాలించు రాష్ట్రమునకును ఇటలీకిని నడుమ రూబికాను అను చిన్న యేఱు పొలిమేరగా నుండెను. సేనతో దానిని దాటుట శాసనవిరుద్ధము. సీజరు ఒక్క పటాలముతో ఆ యొడ్డున నిలిచి చాలసేపు తలపోసెనని ప్రాచీన చరిత్రకారులు వ్రాసిరి. తుదకు పాచికను విసరిన జూదరివలె ఫలమును విధికి విడిచి దాటెను.

అంతర్యుద్ధము చెలరేగెను. పాంపే గ్రీసునకు పోయి, క్రీ. పూ. 48లో ఫార్సాలసునొద్ద ఓడి, ఈజిప్టున హతుడయ్యెను. సీజరు రోమునకు ఏకనాయకుడై పంచాంగమును సంస్కరించెను. జూలై మాసమునకు ఆతని పేరే నిలిచినది. కాని క్రీ. పూ. 44 మార్చి 15న, తాను క్షమించిన బ్రూటసు మున్నగువారి కత్తిపోట్లకు సభలోనే కూలెను. కొలదికాలమునకు రోమునందలి ప్రజాప్రభుత్వమును అంతరించి, చక్రవర్తుల పాలన యారంభమయ్యెను.

సీజరు తాను వ్రాసిన అంతర్యుద్ధ చరిత్రమున ఆ యేటి పేరైనను చెప్పలేదు. అయినను లోకము దానిని మఱువలేదు. గొప్పదనము నీటిది కాదు, హద్దుది. మన జీవితములందును ఇట్టి చిన్న యేఱు లుండును. ఒక అబద్ధము, ఒక సంతకము, కోపమున నాడిన ఒక మాట. దాటిన పిదప చింతించుటకంటె, సీజరువలె ఒడ్డున నొకింత నిలిచి, ఆతనికంటె మేలుగా నిశ్చయించుకొనుట మనకు లెస్స.