దర్జీ ఇంట పుట్టిన లెక్కల మేధావి – ఫోరియర్

లెక్కల్లో 'కనీసం', 'మించకుండా' అనే మాటలు కనబడితే చాలు, మనలో చాలామందికి భయం. ఇవి రేఖీయ అసమీకరణాల లెక్కలు. వీటిని సాధించే దారి చూపిన తొలితరం వారిలో జోసెఫ్ ఫోరియర్ ఒకరు. ఆయన జీవితం మన హాస్టల్ మిత్రులందరూ తెలుసుకోదగ్గది కనుక ఈ వార్షికోత్సవ సంచికలో పరిచయం చేస్తున్నాం.

ఫోరియర్ 1768 మార్చి 21న ఫ్రాన్సులోని ఓసెర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట జన్మించారు. పదేళ్ల వయసుకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నారు. ఊరివారి సాయంతో సన్యాసులు నడిపే సైనిక పాఠశాలలో చేరారు. వాడి పడేసిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకొని, రాత్రిళ్లు అందరూ నిద్రపోయాక లెక్కలు చేసేవారని చెబుతారు.

చదువయ్యాక ఫిరంగి దళంలో చేరాలనుకున్నారు. గొప్ప వంశంలో పుట్టలేదని తిరస్కరించారు. తెలివి చూడకుండా పుట్టుక చూసి పెట్టిన షరతు అది. 1789లో వచ్చిన ఫ్రెంచి విప్లవం అటువంటి హక్కులను రద్దు చేసింది. ఆ తర్వాత ఫోరియర్ పారిస్‌లో లెక్కల అధ్యాపకులయ్యారు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లారు. 1802లో గ్రెనోబుల్‌లో మన కలెక్టరు వంటి పదవి చేపట్టారు. 1822లో ఉష్ణంపై ఆయన రాసిన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధమైంది.

1820లలోనే ఆయన అసమీకరణాలపై పనిచేశారు. తెలియని రాశులు ఎన్ని ఉన్నా ఒక్కొక్కటిగా తొలగిస్తూ, చివరకు ఒకే చలరాశి మిగిలేలా చేయడం ఆయన పద్ధతి. 1936లో మోట్జ్‌కిన్ దీన్నే మళ్లీ కనుగొన్నందున ఇద్దరి పేర్లతో పిలుస్తారు.

ఒక చలరాశి లెక్క మన ఊరి నుంచే చూద్దాం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021-22లో బాటసింగారానికి తరలివచ్చింది. అక్కడ ఒక ట్రాలీ ఆటో 700 కిలోలకు మించి మోయకూడదనుకుందాం. అప్పటికే 140 కిలోల సరుకు ఉంది. ఒక్కో మామిడి పెట్టె 25 కిలోలు. పెట్టెలు x అయితే 25x + 140 ≤ 700. అంటే 25x ≤ 560, x ≤ 22.4. సగం పెట్టె ఎక్కించలేం కనుక గరిష్ఠంగా 22 పెట్టెలు. 23 ఎక్కిస్తే బరువు మించిపోతుంది. 'కనీసం' అని అడిగితే మాత్రం పై పూర్ణసంఖ్య తీసుకోవాలి. ఇక్కడ జవాబు ఒక్క సంఖ్య కాదు. 0 నుంచి 22 వరకు అన్నీ సరైనవే.

ఫోరియర్ 1830 మే 16న పారిస్‌లో కన్నుమూశారు. ట్రాలీ బరువు వంటి షరతుకు లోబడి లెక్క చేయాలి. పుట్టుకను బట్టి పెట్టే షరతును మాత్రం తొలగించాలి. మన హాస్టళ్లు ఉన్నది అందుకే అని మేము నమ్ముతున్నాం. మిత్రులారా, స్టడీ అవర్‌లో ఆ అధ్యాయం ధైర్యంగా తెరవండి!