లండనులో తొలి దినములు

బారిష్టరు చదువునకై 1888వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిని విడిచిన మోహనదాసు కరంచందు గాంధి నెలాఖరునకు లండను చేరెను. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. ఓడ దిగునపుడు తెల్లని ఫ్లానెలు దుస్తులు ధరించెను. అట్టి వేషమున నున్నవాడు తానొక్కడే. మరునాడు ఆదివారమగుటచే సామాను చేతికి రాదయ్యెను. విక్టోరియా హోటలులో ఆ దుస్తులతోనే సిగ్గుపడుచు గడపవలసివచ్చెను.

దుస్తులను మార్చుకొనవచ్చును, భోజనమునకేది దారి? మాంసము ముట్టనని తల్లి పుతలీబాయికిచ్చిన మాట యున్నది. ఉప్పుకారములు లేని ఉడుకుకూరలు గొంతు దిగవు. బసయింట మరియొక రొట్టెముక్క యడుగుటకు అభిమానము. రాత్రులు ఇల్లు తలంపునకు వచ్చి కన్నీరు కారెడిది. ఆ మాట విడువుమని మిత్రుడొకడు నిత్యము వాదించెను. గాంధి విడువలేదు.

నగరమున శాకాహారశాలలు గలవని బసయింటి యజమానురాలివలన విని, వెదకుటకు కాలినడకను బయలుదేరెను. దినమునకు పది పండ్రెండు మైళ్లు! చదువవచ్చినవారు సామాన్యముగా రాజభవనములను చూడబోదురు. ఈయనను వీధి వీధి త్రిప్పినది ఆకలి. చౌక హోటళ్లలో రొట్టెతో కడుపు నింపుకొనుచు తిరుగుచుండగా, తుదకు ఫారింగ్‌డన్ వీధిలో అట్టి శాల యొకటి కనబడెను. ద్వారముకడ కిటికీలో అమ్మకమునకుంచిన పుస్తకములలో, శాకాహారమును సమర్థించుచు హెన్రీ సాల్టు వ్రాసినదానిని ఒక షిల్లింగునకు కొని లోనికేగెను. ఇంగ్లండు చేరినపిదప తృప్తిగ భుజించినది ఆ పూటనే.

అంతవరకు తల్లికిచ్చిన మాటకొరకు మాంసము మానినవాడు, ఆ పుస్తకమును ఆమూలాగ్రము చదివినపిమ్మట తన యిష్టముచేతనే మానెను. కొంతకాలమునకు లండను శాకాహార సంఘపు కార్యవర్గమున సభ్యుడుకూడ నయ్యెను.