మార్కో పోలో

మార్కో పోలో (1254 – 1324) ఇటలీలోని వెనిస్ నగరానికి చెందిన వర్తకుడు, ప్రపంచ ప్రసిద్ధి పొందిన యాత్రికుడు. 1271 నుండి 1295 వరకు ఇరవై నాలుగేళ్ళ పాటు ఆసియా ఖండంలో సంచరించి, తాను చూసినవీ విన్నవీ గ్రంథస్థం చేయించాడు. ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవును, ఆ దేశాన్ని ఏలిన రాణిని వర్ణించినందువల్ల తెలుగువారి చరిత్రలో ఇతని పేరు తరచుగా కనబడుతుంది. గుర్రాల పోషణ గురించి, ముఖ్యంగా లాడాలు (నాడాలు) లేని గుర్రాల గురించి ఇతను తెలిపిన విషయాలు కూడా విలువైనవి.

బాల్యం, ప్రయాణం

మార్కో తండ్రి నికొలో పోలో, తండ్రి సోదరుడు మఫియో పోలో ఇద్దరూ వర్తకులు. వారు మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ ఆస్థానానికి వెళ్ళి 1269లో తిరిగి వచ్చారు. అప్పటికే మార్కో తల్లి మరణించింది. 1271లో వారు రెండవసారి బయలుదేరినప్పుడు పదిహేడేళ్ళ మార్కోను వెంట తీసుకువెళ్ళారు. పర్షియా, పామీరు పర్వతాలు, గోబీ ఎడారి దాటి సుమారు 1275లో వారు కుబ్లాయ్ వేసవి రాజధాని షాంగ్‌డు చేరుకున్నారు.

బదక్షాన్ గుర్రాలు

ఈ ప్రయాణంలో బదక్షాన్ (నేటి ఈశాన్య ఆఫ్ఘనిస్తాన్, తజికిస్తాన్ ప్రాంతం) వద్ద మార్కో జబ్బుపడ్డాడు. సుమారు ఒక సంవత్సరం అస్వస్థుడుగా ఉండి, కొండగాలి వల్ల కోలుకున్నాడని అతని గ్రంథం చెబుతుంది. అక్కడి గుర్రాలు చాలా వేగం కలవనీ, రాళ్ళతో నిండిన కొండదారుల్లో నిత్యం తిరుగుతున్నా వాటికి లాడాలు వేయరనీ, ఇతర గుర్రాలు దిగలేని ఏటవాలుల్లో సైతం అవి పరుగెత్తుతాయనీ వ్రాయించాడు. అలెగ్జాండరు గుర్రం బుసెఫలస్ సంతతి ఒకప్పుడు అక్కడ ఉండేదన్న స్థానిక కథను కూడా పేర్కొన్నాడు.

కుబ్లాయ్ కొలువు

మార్కో సుమారు పదిహేడేళ్ళు కుబ్లాయ్ కొలువులో ఉన్నాడు. రాజ్యమంతటా వార్తలు చేరవేయడానికి ఏర్పరచిన చౌకీలలో రెండు లక్షలకు పైగా గుర్రాలు ఉండేవని తెలిపాడు. పర్షియా పాలకునికి వధువుగా నిర్ణయించిన కొకాచిన్ అనే రాకుమారికి తోడుగా పోలోలు సముద్రమార్గాన తిరుగు ప్రయాణమయ్యారు. దక్షిణ భారత తీరాన్ని గురించిన వర్ణన ఈ ప్రయాణానికి సంబంధించినదే.

మాబార్ గుర్రాల వ్యాపారం

పాండ్యుల ఏలుబడిలో ఉన్న తమిళ తీరాన్ని అరబ్బు వర్తకులు మాబార్ అనేవారు. తామ్రపర్ణి నది ముఖద్వారం వద్ద ఉన్న కాయల్ రేవుకు హోర్ముజ్, కిష్, ఏడెన్ రేవుల నుండి ఓడల్లో గుర్రాలు వచ్చేవి. అక్కడ ఒక్కొక్క గుర్రం 100 మార్కుల వెండికి మించిన ధర పలికేదనీ, రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొనేవాడనీ, అతని సోదరులూ అంతేసి కొనేవారనీ, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగిలేవి కావనీ మార్కో చెప్పాడు. అక్కడివారికి గుర్రాల పోషణ తెలియకపోవడం, లాడాలు వేసేవారు లేకపోవడం ఇందుకు కారణాలని అతని అభిప్రాయం. అమ్మకాలు తగ్గుతాయన్న భయంతో వర్తకులు ఆ పనివారిని అక్కడికి రానిచ్చేవారు కారని కూడా ఆరోపించాడు. గుర్రాలకు మాంసంతో వండిన అన్నం పెట్టేవారనీ, మేలుజాతి జంటకు పుట్టిన పిల్లలు సైతం వంకర కాళ్ళతో ఉండేవనీ వ్రాయించాడు.

సమకాలికుడైన పర్షియా చరిత్రకారుడు వస్సాఫ్ కూడా ఈ వ్యాపారాన్ని వర్ణించాడు. కొన్న గుర్రాలను బలిసేందుకు నలభై రోజులు తాళ్ళతో మేకులకు కట్టివేసి, వేయించిన యవలు, నెయ్యి కలిపిన ధాన్యం, కాచిన ఆవుపాలు పెట్టేవారనీ, ఆ తరువాత తగిన శిక్షణ లేకుండానే స్వారీ చేసేవారనీ తెలిపాడు.

లాడాలపై పరిశీలన

పై రెండు వర్ణనలు పక్కపక్కన ఉంచి చూస్తే ఒక చిక్కు కనబడుతుంది. లాడాలు లేని బదక్షాన్ గుర్రాలు రాళ్ళపై పరుగెత్తగా, మాబార్ గుర్రాలు మరణించాయి. కాబట్టి లాడం లేకపోవడం ఒక్కటే ఈ మరణాలకు కారణం కాజాలదు.

గుర్రపు గిట్ట మన గోరు వంటి పదార్థంతో ఏర్పడి, నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పొడినేలపై నిత్యం తిరిగే గుర్రానికి పెరుగుదల, అరుగుదల సమానంగా ఉండి గిట్ట గట్టిపడుతుంది. అరుగుదల ఎక్కువైతే లాడం అవసరమవుతుంది. అరుగుదల లేకుంటే గిట్టను చెక్కవలసి ఉంటుంది. తడినేలపై కదలక నిలిచే గుర్రానికి గిట్ట మెత్తబడి, అడుగుభాగం కుళ్ళుతుంది. ధాన్యం అతిగా తింటే గిట్ట లోపలి పొరలు వాచి గుర్రం కుంటిదవుతుంది. ఈ వ్యాధిని లాడం నివారించలేదు. మధ్యయుగపు ఐరోపాలో లాడాలు వేసేవాడే గుర్రాల వైద్యుడు కూడా. కావున మార్కో ఎత్తిచూపిన లోటు ఇనుప లాడానిది మాత్రమే కాదు, గిట్టను ఎరిగిన పనివానిది అని గ్రహించాలి.

మోటుపల్లి, నెల్లూరు తీరం

మార్కో ముత్ఫిలి అని పేర్కొన్న దేశం నేటి చినగంజాం సమీపంలోని మోటుపల్లి రేవు పేరుమీద వచ్చినదని చరిత్రకారుల నిర్ణయం. విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించినది ఇక్కడే. భర్త మరణానంతరం నలభై ఏళ్ళు న్యాయంగా పాలించిన రాణిగా మార్కో వర్ణించినది రుద్రమదేవినే అని భావిస్తారు. అయితే ఆమె గణపతిదేవుని కుమార్తె, భార్య కాదు. ఆమె మరణాన్ని సూచించే చందుపట్ల శాసనం 1289 నాటిది. ఇక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను మార్కో మెచ్చుకున్నాడు.

మోటుపల్లికి, పాండ్యుల రేవులకు నడుమ నెల్లూరు తీరం ఉంది. నేడు రైల్వే కేంద్రంగా పేరున్న బిట్రగుంట ఈ తీరప్రాంతంలోనిదే. ఆ శతాబ్దంలో నెల్లూరు కాకతీయులు, పాండ్యుల మధ్య చేతులు మారింది. ఇరుపక్షాలకూ అశ్వబలం అవసరమైంది. కాకతీయ సామంతుడు గంగయ సాహిణి పేరులోని సాహిణి అన్నది అశ్వదళానికి సంబంధించిన బిరుదు.

చివరి దశ

1295లో వెనిస్ చేరిన మార్కో, జెనోవాతో జరిగిన యుద్ధంలో బందీ అయ్యాడు. 1298లో చెరసాలలో తోటి ఖైదీ రుస్తికెల్లోకు తన యాత్రా విశేషాలు చెప్పి వ్రాయించాడు. 1299లో విడుదలై, దొనాతా అనే ఆమెను వివాహమాడాడు. వారికి ముగ్గురు కుమార్తెలు. 1324 జనవరిలో మరణించాడు. క్రిస్టఫర్ కొలంబస్ వద్ద ఈ గ్రంథ ప్రతి ఉండేది. మార్కో అసలు చైనా వెళ్ళాడా అని 1995లో ఫ్రాన్సెస్ వుడ్ సందేహం వెలిబుచ్చినా, ఎక్కువమంది చరిత్రకారులు వెళ్ళాడనే విశ్వసిస్తున్నారు.